నత్త వెనక తలుపు

ఎదురింటి వరహాలమ్మ పాలకేంద్రం దగ్గర క్యాను దించుకుంటూ చెప్పిందట: కాలవల ఆఫీసులో గుమాస్తా భద్రానికి మతి చలించిందనీ, కాగితం కనపడితే చాలు నత్తలు గీస్తున్నాడనీ, అది చూసి పెద్ద ఆఫీసరు జడిసి, రోగం ముదరకుండా శాలువా కప్పి ఇంటికి పంపాడనీ. "శాలువా కూడా ఊలుదేనంట. నడి వేసంగిలో ఊలు శాలువా కప్పుకుని బస్సు దిగాడంటే ఇంక ఆ మనిషి సంగతి వేరే చెప్పాలా?" అని కూడా అందట. ఆ మాట పాలకేంద్రం నుంచి కిళ్ళీకొట్టుకీ, కిళ్ళీకొట్టు నుంచి చేపల బుట్టల మీదుగా మూడు మైళ్ళ అవతల కొసపాడులో ఉన్న భద్రం మేనత్త చెవికీ చేరేసరికి నత్తలు తాబేళ్ళయ్యాయి, శాలువా గొలుసయింది.

నిజం చెప్పుకోవాలంటే వరహాలమ్మ మాటల్లో అబద్ధం పాలు తక్కువే. నత్తలు నిజం. శాలువా నిజం. ఊలుదే. జడిసింది మాత్రం ఆఫీసరు కాదు, భద్రం.

యాళ్ల భద్రం కాలవల డివిజన్ ఆఫీసులో ఇరవై ఆరేళ్ళుగా గుమాస్తా. అతను కూర్చోని మీటింగు లేదు, మీటింగులో కూర్చుని గీయని నత్త లేదు. పెద్దవాళ్ళు గొంతు సవరించుకోగానే అతని చెయ్యి దానంతటదే చేతికందిన కాగితం వెనక ఒక చుక్క పెట్టేది. చుక్క చుట్టూ గీత తిరిగేది. మీటింగు ఎంత సాగితే నత్త అంత లావెక్కేది. ఆఫీసరు "చివరిగా ఒక్క మాట" అనగానే ఒక కొమ్ము మొలిచేది. ఆ ఒక్క మాట పూర్తయ్యేసరికి రెండో కొమ్ము కూడా వచ్చి, నత్త ఇంటికి బయల్దేరడానికి సిద్ధంగా ఉండేది.

అందులో ఒక మహత్తు ఉంది. మీటింగులో ఎవరేమన్నారో భద్రం ఎక్కడా రాసుకోడు. తర్వాత తీరిగ్గా నత్త మీద వేలుపెట్టి చుట్టు వెంట నడిపితే చాలు, ఏ మలుపులో ఎవరు దగ్గారో కూడా గుర్తొచ్చేస్తుంది. ఏ ఫైలు ఎక్కడ ఆగిందో తెలియాల్సొస్తే ఆఫీసులో ఎవరూ బీరువాలు వెతికేవాళ్ళు కాదు. "భద్రం గారూ, మీ నత్తనోసారి అడగండి" అనేవాళ్ళు.

కాలవలు కట్టేసి మరమ్మతులు చేసుకునే మే నెలలో ఇంజనీరు సర్వోత్తమరావుగారు సమీక్షా సమావేశం పెట్టారు. ఆయన అంతకు రెండ్రోజుల ముందే ఏదో చల్లని కొండ ఊళ్ళో 'సృజనాత్మకతతో సుపరిపాలన' అనే మూడు రోజుల శిక్షణ ముగించుకుని దిగారు. మనిషి దిగారు గానీ మాట ఇంకా కొండ మీదే ఉంది. పూడికతీత గురించి చెప్పి చెప్పి, 'చివరిగా ఒక్క మాట' కూడా ముగించి చుట్టూ కలియజూశారు. అందరూ తల ఊపుతున్నారు. ఒక్క భద్రం తల మాత్రం కాగితంలో ఉంది.

"ఏమిటది?" అన్నారు సర్వోత్తమరావుగారు.

భద్రం లేచి నిలబడ్డాడు. కాగితం దాచుదామంటే టేబులు గాజుది.

"నత్తండి."

"నేను ఆయకట్టు గురించి మాట్లాడుతుంటే తమరు నత్త గీస్తున్నారా?"

"ఆయ్."

"అయితే ఇంతసేపూ నేనేం చెప్పానో చెప్పండి."

చెమటలు కక్కుతూ భద్రం నత్త మధ్య చుక్క మీద వేలు పెట్టాడు. అక్కణ్ణుంచి చుట్టు వెంట నడిపించాడు. నాలుగో నంబరు కాలవలో ఎన్ని గజాల పూడిక, ఏ లాకుకి రంగులెయ్యాలి, ఆఫీసరుగారు ఎక్కడ 'సమగ్రంగా' అన్నారు, ఎక్కడ 'సమూలంగా' అన్నారు, ఎక్కడ తుమ్మారు, అన్నీ వరసగా అప్పజెప్పాడు. కొసపాడు తూము తలుపు తుప్పుపట్టి పైకి లేవడంలేదని చిన్న ఇంజనీరు చెప్పిన సంగతి కూడా అప్పజెప్పాడు. అయిదో చుట్టు దగ్గరికొచ్చేసరికి, అప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ లస్కరు పోతయ్య ఏదో గొణిగాడని గుర్తొచ్చి నోరు తెరిచాడు. లస్కరంటే కాలవ గట్ల మీద తిరుగుతూ తూములు ఎత్తీ దించే మనిషి. టీకప్పుల చప్పుడులో ఆ గొణుగుడు అప్పుడూ ఎవరికీ వినపడలేదు, ఇప్పుడూ భద్రానికి చెప్పే వీలు దొరకలేదు.

ఎందుకంటే సర్వోత్తమరావుగారు కుర్చీలోంచి లేచిపోయారు. కళ్ళల్లో నీళ్ళు.

"ఇదే! కొండ మీద మాకు చెప్పింది ఇదే! గుహలో కూర్చుని వేటకెప్పుడు పిలుస్తారా అని ఎదురుచూసిన ఆదిమానవుడు గోడ మీద ఏం చేశాడు? గీశాడు. తాటాకు మీద గంటంతో రాస్తూ విసుగెత్తిన లేఖరి అంచున ఏం చేశాడు? చిలకని గీశాడు. ఊరికే వినేవాడికన్నా గీస్తూ వినేవాడికి ఎక్కువ గుర్తుంటుందని విదేశాల్లో నిగ్గు తేల్చారు. పిచ్చిగీతలు అని మనం దేన్ని చిన్నచూపు చూశామో, అది నాగరికతకి తల్లివేరు!"

"మా నాన్నగారు కూడా ఫోన్లో మాట్లాడుతూ గోడంతా గీకేసేవారండి. సున్నం వేయించలేక చచ్చేవాళ్ళం" అన్నాడు చిన్న ఇంజనీరు.

"ఆయన ద్రష్టయ్యా" అన్నారు సర్వోత్తమరావుగారు. కొండ ఊళ్ళో తన కోసం కొనుక్కున్న ఊలు శాలువా తీసి భద్రం భుజాల మీద కప్పారు. నత్త కాగితాన్ని రెండు చేతులతో పైకెత్తి, "దీన్ని పటం కట్టించండి" అన్నారు.

"అయ్యా, దాని వెనక..." అన్నాడు భద్రం.

"వెనక ఏముందో చూసేవాడు ఫైలు గుమాస్తా అవుతాడు భద్రంగారూ. మీరిప్పుడు మార్గదర్శి."

దాని వెనక ఉన్నది కొసపాడు తూముకి కొత్త తలుపు చేయించే ఖర్చు అంచనా. అసలు ప్రతి. కొలతలూ, సంతకాలూ, మంజూరు నంబరూ అన్నీ దాని మీదే ఉన్నాయి. సాయంత్రానికి అది అట్టకి జిగురుతో అతుక్కుని, గాజు వెనక చేరి, నత్త ముఖం బయటికి పెట్టుకుని ఇంజనీరు గారి గది గోడ ఎక్కేసింది. పైన ప్లాస్టిక్ చేమంతుల దండ పడింది. ఆ నెలాఖరుకి పోతయ్య రిటైరై ఎక్కడో కూతురి ఊరికి వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది.

'ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ప్రతి పనిదినమున ఉదయం పదిన్నర నుండి పదకొండున్నర వరకు విధిగా పిచ్చిగీతలు గీయవలెను. సదరు గీతలు పరధ్యానముగా గీయవలసి యున్నందున, సిబ్బంది పూర్తి ఏకాగ్రతతో పరధ్యానము పాటించవలెను. పరధ్యానమునందు అలసత్వము వహించిన వారిపై శాఖాపరమైన చర్యలు తీసుకొనబడును. గీతలు మూడు ప్రతులలో ఉండవలెను.'

మూడు ప్రతులు కావాలంటే కార్బన్ పేపరు నొక్కి గీయాలి. నొక్కి గీస్తే గీత తిన్నగా పోతుంది. తిన్నగా పోయిన గీత పిచ్చిది కాదని మొదటి రోజే పదకొండు మందికి మెమోలు అందాయి. రెండో రోజు నుంచి జనం ఇంటి దగ్గరే గీయించుకుని తేవడం మొదలుపెట్టారు. డ్రైవరు కాసులు తన మేకకి సిరా అద్ది కాగితం మీద నడిపించాడనీ, ఆ వారం ఉత్తమ గీతగా ఎంపికైంది అదేననీ ఆఫీసులో అనుకున్నారు. అడిగితే, "నా మేక సంతకం పెట్టదు కదండీ, కింద సంతకం నాదే" అన్నాడు కాసులు.

తర్వాత ఇంకో సందేహం పుట్టింది. ఏది పిచ్చిగీత, ఏది బొమ్మ? బొమ్మలు గీయడానికి ప్రభుత్వం జీతం ఇవ్వదు. అందుచేత 'పోలిక నిర్ధారణ కమిటీ' వేశారు. గీసింది దేని పోలికనైనా ఉంటే అది బొమ్మ కింద లెక్క, చెల్లదు. కమిటీలో నక్షాలు గీసే ఉద్యోగి ఒకరు, హైస్కూలు నుంచి అరువు తెచ్చుకున్న డ్రాయింగు మాస్టారు ఒకరు. నిష్పాక్షికత కోసం, రెండు కళ్ళల్లోనూ శుక్లాలున్న స్టోరుకీపరు ఒకరు. ఆయనకి ఏదీ దేనిలాగా కనపడదు. కాబట్టి ఎక్కువ గీతలు ఆయన ఓటుతోనే గట్టెక్కేవి.

ఆ కమిటీ ముందుకి భద్రం గీత కూడా వచ్చింది. మార్గదర్శి కదా, పథకానికి నోడల్ అధికారిని చేసి ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టారు. శాలువా తియ్యకూడదన్నారు. అతను పదిన్నరకి గంట కొట్టగానే కళ్ళు మూసుకుని పరధ్యానం తెచ్చుకోవడానికి నానా అవస్థా పడి, ఎలాగో ఒక బక్కచిక్కిన నత్తని గీశాడు. కమిటీ దాన్ని అటూ ఇటూ తిప్పి తిప్పి చూసింది.

"ఇది నత్తలాగా ఉందండి" అన్నాడు డ్రాయింగు మాస్టారు.

"నత్తేనండి" అన్నాడు భద్రం.

"అదే అభ్యంతరం" అన్నాడు నక్షాల ఆయన. 'కొమ్ములు తొలగించి, నత్త పోలిక లేకుండా సవరించి మరల సమర్పించవలెను' అని కాగితం మీద రాశారు. గోడ మీది నత్తకి మాత్రం చారిత్రక మినహాయింపు ఇచ్చారు.

కొమ్ములు తీసేసిన రోజు నుంచి భద్రానికి మతిమరుపు పట్టుకుంది. చెయ్యి కదిలితే గీత పుట్టేది, గీతలో మాట పుట్టేది కాదు. ఏ ఫైలు ఎక్కడుందో తెలియదు. ఎవరైనా అడిగితే శాలువా సర్దుకునేవాడు.

జూన్ నెలలో కాలవలు వదిలారు. నీళ్ళు తలకాలవ దాటి, నడిమి ఊళ్ళు దాటి, కొసపాడు తూము దాకా వచ్చి ఆగిపోయాయి. తలుపు లేవదు. ప్రభుత్వం తలుపుని రైతులు ముట్టుకుంటే కేసు. అవతల నలభై ఇళ్ళవాళ్ళు తొలకరి తడికి నారుమళ్ళు పోసుకుని, కాలవ నీళ్ళ కోసం కాచుకుని కూర్చున్నారు. అందులో భద్రం మేనత్త మంగాయమ్మ నారుమడి ఒకటి. ఎకరన్నర చేను. ఆవిడకి ఉన్నది అదే.

మంగాయమ్మ సోమవారం సోమవారం బస్సెక్కి ఆఫీసుకొచ్చేది. మూడో సోమవారం నారు పిడికెడు పీక్కొచ్చి, అతని ఎత్తు కుర్చీ ముందు బల్ల మీద పెట్టింది. చివర్లు పసుపు తిరిగి ఉన్నాయి.

"సూడు. ఇంకో ఎనిమిది రోజుల్లో నీళ్ళు తగలకపోతే ఇది గేదెలకి కూడా పనికిరాదు. నువ్వు ఆపీసరయ్యావంట గదా?"

"నోడల్ అధికారినత్తా."

"అదేంటో నాకు తెల్దు. తలుపెప్పుడు లేత్తది?"

"అంచనా కాగితం కావాలత్తా. అది పటంలో ఉంది."

"పటంలోంచి తియ్యి."

"అది చారిత్రక ఆస్తి కింద రిజిస్టరులో ఎక్కింది. విప్పాలంటే పై నుంచి అనుమతి రావాలి. అనుమతి అడగాలంటే అంచనా మంజూరు నంబరు రాయాలి."

"ఆ నంబరెక్కడుంది?"

"పటం వెనక."

మంగాయమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఒరే, మీ నాన్న కూడా కొంచెం తిక్కమనిషే. కానీ శాలువా కప్పుకునేవాడు కాదు" అని నారు తీసుకుని వెళ్ళిపోయింది.

భద్రానికి మనసు ఉండబట్టలేదు. ఆ రోజు పోతయ్య గుమ్మం దగ్గర గొణిగింది ఈ తలుపు సంగతే. అది అయిదో చుట్టులో ఉంది. అంతవరకు గుర్తుంది, మాట గుర్తులేదు. ఇంజనీరుగారి గదిలోకి వెళ్ళి పటం చూశాడు. సరిగ్గా అయిదో చుట్టు మీద చేమంతుల దండ పడి ఉంది. దండ ముట్టుకోబోతే బంట్రోతు కసిరాడు. సరే, పటం నకలు అడిగాడు. గాజు మీంచి జిరాక్సు తీసి, ధ్రువీకరించి ఇచ్చారు. ధ్రువీకరణ ముద్ర గుండ్రంగా, నల్లగా, అయిదో చుట్టు మీదే పడింది.

అతను ఆ నకలు బల్ల మీద పెట్టుకుని తల పట్టుకున్నాడు. అవతల గుమాస్తాలు తల పట్టుకునే రకం కాదు. కొసపాడు ఫైలులో అంచనా లేదు, దాని ధ్రువీకృత నకలు మాత్రం దొరికింది. ఒక కాగితం తక్కువైన ఫైలులో ఒక కాగితం చేరింది, ఇంకేం కావాలి? 'జతపరచిన నకలు ప్రకారము కొసపాడు తూమునకు తలుపు తయారుచేసి పంపవలెను' అని డివిజన్ వర్క్‌షాపుకి పంపేశారు.

మూడో రోజు వర్క్‌షాపు మేస్త్రి దావీదు నుంచి ఫోను.

"భద్రంగారూ, కొమ్ములు ఎంత పొడుగుండాలండీ?"

"ఏం కొమ్ములు?"

"తలుపు కొమ్ములండి. నకల్లో ముందుపక్క రెండున్నాయి. ఎత్తడానికి పిడిలాగా అనుకుంటన్నాం. ఒళ్ళు మాత్రం భలే వచ్చిందండి, చుట్టకి చుట్టా అతికించాం."

భద్రం ఫోను పెట్టేసి ఇంజనీరుగారి గదిలోకి పరుగెత్తాడు. పొరపాటు జరిగిందనీ, ఆపించమనీ మొత్తుకున్నాడు. సర్వోత్తమరావుగారు అంతా విని, కుర్చీ వెనక్కి వాల్చి, చాలాసేపు చిరునవ్వు నవ్వారు.

"పొరపాటని ఎందుకంటారు? సృజనాత్మకత క్షేత్రస్థాయికి దిగివస్తోంది. నలుచదరంగా ఉండాలని తలుపుకి ఎవరు చెప్పారు? ఇంతకాలం మనం చెప్పాం. ఇరవై ఏడో తారీఖున నేనే వచ్చి ప్రారంభిస్తాను."

జూలై ఇరవై ఏడో తారీఖంటే ఇంకా పదిహేను రోజులు. మంగాయమ్మ నారుకి ఉన్నది అయిదు.

ఆదివారం నాడు భద్రం కొసపాడు వెళ్ళాడు. శాలువా తీసుకెళ్ళలేదు. మేనత్త చూరు కింద ఎత్తుపీట వేసుకుని కూర్చుంది, అతన్ని చూడగానే మొదలుపెట్టింది. అతని నాన్న పెళ్ళి నాటి సంగతుల నుంచి ఎత్తుకుని, భద్రం చిన్నప్పుడు జామకాయలు దొంగిలించిందీ, ఉద్యోగం వచ్చినప్పుడు చుట్టాలకి మిఠాయి పెట్టకపోయిందీ, అన్నీ తవ్వుకుంటూ వచ్చింది. మధ్యలో ఆపదు. గుక్క తిప్పుకోదు. భద్రం "అదికాదత్తా" అందామని రెండుసార్లు చూశాడు, కుదర్లేదు. ఇంక చేసేదిలేక గోడకి చేరగిలబడి, ఒక పుల్ల తీసుకుని, వాకిట్లో నేలమీద చూస్తూ కూర్చున్నాడు.

"వింటన్నావా లేదా?"

"వింటున్నానత్తా."

గంట గడిచింది. "ఆకరికి నీకొక్క మాట సెప్తన్నాను" అంది మంగాయమ్మ. భద్రం చేతిలో పుల్ల కదిలింది. చూసుకుంటే కాళ్ళ ముందు మట్టిలో గంపంత నత్త, దానికి ఒక కొమ్ము.

అతను మెల్లిగా వంగి, నడిమి చుక్క మీద వేలు పెట్టాడు. ఒకటో చుట్టు. రెండు. మూడు. మే నెల మీటింగు, గాజు టేబులు, పూడికతీత, తుమ్ము. అయిదో చుట్టు దగ్గర టీకప్పుల చప్పుడు. ఆ చప్పుడు వెనక పోతయ్య గొంతు.

"'తలుపుకేం కాలేదండి, రాయిలాగుంది. పైన మేకు బిగిసిందంతే. కిరసనాయిలు పోసి రెండు దెబ్బలేత్తే లేత్తాది'" అన్నాడు భద్రం, అచ్చం పోతయ్యలాగా.

మంగాయమ్మ తిట్టడం ఆపింది.

"ఎవడన్నాడా మాట?"

"పోతయ్య."

"ఎప్పుడు?"

"మేలో."

"ఇప్పుడా సెప్పేది, నీ మొకం మండ!" అని లేచింది. రేషన్లో కిరసనాయిలు ఇచ్చే రోజుల్లో దాచిపెట్టిన సీసా అటక మీద ఉంది. చేతికందిన సమ్మెట పుచ్చుకుని గట్టు మీదికి నడిచింది. వెనకాల భద్రం నడిచాడు. తూము దగ్గరికి రాగానే, తాను ప్రభుత్వోద్యోగి కాబట్టి ప్రభుత్వ తలుపు మీద దెబ్బ పడటం చూడకూడదు గనక, వెనక్కి తిరిగి నిలబడి చింతచెట్టు వంక చూశాడు. వెనక గరగరమని చప్పుడు, బుడబుడమని చప్పుడు, ఆ తర్వాత ఠంగుమని ఒకటి. ఠంగుమని రెండు. చల్లటి నీళ్ళు తూము కింది గుంటలో దూకి, చింది, అతని లాగు అంచులు తడిపేశాయి. సాయంత్రానికి నలభై నారుమళ్ళూ తడిశాయి. మంగాయమ్మ నారు నాలుగో రోజుకి పచ్చబడింది.

ఆఫీసులో ఎవరికీ ఈ సంగతి తెలియదు. తెలియజేయాలంటే అంచనా మంజూరు నంబరు రాయాలి కాబట్టి భద్రం తెలియజేయలేదు.

ఇరవై ఏడో తారీఖున గట్టు మీద షామియానా వేశారు. ఇనప నత్త ట్రాక్టరు మీద వచ్చింది. మనిషెత్తు ఉంది. వంటికి ఆకుపచ్చ రంగు, కొమ్ములకి ఎర్ర రంగు, మెడలో బంతిపూల దండ. నలుగురు పట్టి దింపి తూము దగ్గర పెట్టి చూస్తే, తూము నలుచదరం, నత్త గుండ్రం. ఎటు తిప్పినా దూరలేదు. దావీదు మేస్త్రి చెవిలో ఏదో చెబితే సర్వోత్తమరావుగారు తల పంకించారు. అప్పుడు ఆయన చూపు కాలవ మీద పడింది. నీళ్ళు నిండుగా పారుతున్నాయి. అవతల చేలల్లో ఊడ్పులు అయిపోయి, నాట్లు నిటారుగా నిలబడి ఉన్నాయి.

ఆయన ఒక్క క్షణం తడబడ్డారు. ఒక్క క్షణమే. మైకు అందుకున్నారు.

"చూడండి! తలుపు ఇంకా బిగించనే లేదు. అప్పుడే ఫలితం! ఒక గీత శక్తి ఎంతటిదో ఇంతకన్నా నిదర్శనం కావాలా? గుహల్లో మొదలైన గీత ఇవాళ కొసపాడు చేలు తడిపింది."

అలా నలభై నిమిషాలు మాట్లాడారు. వేదిక మీద భద్రం, శాలువాతో, ఆహ్వానపత్రిక చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. పత్రిక వెనక ఎప్పుడు చుక్క పడిందో, ఎప్పుడు చుట్లు తిరిగాయో అతను చూసుకోలేదు.

"చివరిగా ఒక్క మాట" అన్నారు సర్వోత్తమరావుగారు. మొదటి కొమ్ము మొలిచింది. "ఆ మాట నేను చెప్పను. లబ్ధిదారులే చెప్పాలి. అమ్మా, మీరు రండి. ఈ నీళ్ళు ఇలా రావడానికి కారణమేమిటో మీ నోటితో ఒక్క ముక్క చెప్పండి."

ముందు వరసలో ఉన్న మంగాయమ్మ లేచి వెళ్ళి మైకు పుచ్చుకుంది.

"కిరసనాయిలు" అంది. "అర సీసా. రెండు సమ్మెట దెబ్బలు. ఇంక ఆ ఇనప నత్తని ట్రాక్టరెక్కించుకుని తీసికెళ్ళిపోండి బాబూ, దాన్ని చూసి గేదెలు బెదిరిపోతన్నాయి."